ఎవరి తరఫూ కాని ప్రకటనలు

ఉద్యోగంలో నా పని ఇతరుల పనిలో తప్పులు పట్టుకోవడం. మాదాపూర్‌లోని ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో, క్వాలిటీ విభాగంలో, రిటైరయ్యేదాకా అదే చేశాను. ప్రోగ్రాం రాసినవాళ్లు చేశామని చెప్పిన పరీక్షలు నిజంగా చేశారా, కస్టమర్‌కి పంపే ముందు రెండో మనిషి చూశాడా, చూడకుండానే చూసినట్టు పేరు పెట్టాడా అని అడుగుతూ అంతస్తులు తిరిగేవాణ్ణి. అలాంటి మనిషిని ఆఫీసులో ఎవరూ టీకి పిలవరు. నన్ను పిలిచింది ఇద్దరే. ఇది ఆ ఇద్దరి గురించి, మేం ముగ్గురం కలిసి ఒక బ్లాగుకి ప్రకటనలిచ్చే నెట్‌వర్క్‌ని ఎంచిన తీరు గురించి.

ఈ కాలపు కుర్రవాళ్లు నవ్వుతారని తెలుసు. ఫోన్లో ఏ పేజీ తెరిచినా నాలుగు ప్రకటనలు మీద పడడం మీకు మామూలు. వాటిని ఎవరు ఎంచారు, నాకే ఎందుకు చూపించారు అని అడగాలని మీకు తోచదు. మాకూ తోచలేదు. అడగడమే వృత్తిగా ఉన్న నాకూ తోచలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న సంవత్సరాలు. ఏ రోజు బంద్ పిలుపు వస్తుందో, ఏ కూడలిలో రాస్తారోకో జరుగుతుందో ముందుగా తెలిసేది కాదు. బంద్‌కి పోయిన పనిని శనివారం చేయించుకునేవాళ్లు. కంపెనీ దాన్ని సర్దుబాటు దినం అనేది. ఉద్యోగులు దానికి పెట్టుకున్న పేరు ఇక్కడ రాయదగింది కాదు.

నాది నంద్యాల వైపు పల్లె. ఉండేది ప్రగతి నగర్‌లో. కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో పెరిగాను. ఎదుటివాడి వాదాన్ని ముందు వాడికంటే బాగా చెప్పు, ఆ తర్వాతే దాన్ని కూల్చు అని నేర్పిన మాస్టర్ల దగ్గర చదువుకున్నాను. ఆ చదువు వల్ల నాకు వాదన పెరిగింది, స్నేహితులు తగ్గారు. దసరాకి మా ఆఫీసులో సర్వర్ గదికి గుమ్మడికాయ కట్టి మెషీన్లకు కుంకుమ పెట్టేవాళ్లు. ప్రతి వైఫల్యానికీ కారణం వెతకడానికే జీతం తీసుకునేవాళ్లు, చదువు మీద ఆధారపడి బతికేవాళ్లు, ఆ ఒక్కరోజు బుద్ధిని గడప బయట వదిలేసేవాళ్లు. కుంకుమ ఫ్యాన్‌లోకి పోయి మెషీన్ ఆగితే దాన్ని ఏ లోపం కింద రాయమంటారని పైవాళ్లకి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఆ ఏడు నాకు ఇంక్రిమెంటూ రాలేదు. ఈ రెంటికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు కాబట్టి ఉందని అనను.

ఉద్యమం ఊపందుకున్నాక ఆఫీసులో అందరూ అందరినీ అడిగే ప్రశ్న ఒకటే: మీరెటు? ప్రత్యేక రాష్ట్రం అడగడం నేరం కాదు అనేవాణ్ణి. ఒక వర్గం టీ వదిలేసి లేచేది. అలాగని అందుకు చెప్పే ప్రతి లెక్కా నిజం కాదు అనేవాణ్ణి. రెండో వర్గం లేచేది. మిగిలిన ఇద్దరితోనే నా సావాసం.

ఒకరు టెస్టింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి. వాళ్లది నల్లగండ్ల. అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచి ఉన్న ఇంట్లో, వెనక రెండు గదులు కిరాయికిచ్చుకుని ఉండేవాళ్లు. తెలంగాణ రావాలని గట్టిగా కోరుకున్న మనిషి. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, వచ్చిపోయేవాళ్లందరికీ పెట్టే నిరసన ఒకటుండేది, వంటా వార్పు అని. ఆదివారం జరిగితే దానికి వెళ్లి ఉల్లిగడ్డలు తరిగేది. సోమవారం వచ్చి నాతో పోట్లాడేది.

"మీ తర్కం మంచిదే సార్. కడుపుల మంట దానికి సమజ్ కాదు, గదే దాని కష్టం" అనేది.

రెండో ఆయన అకౌంట్స్ విభాగం. భీమవరం మనిషి. రాష్ట్రం విడిపోకూడదని ఆయన పట్టుదల. అయినా ఆ అమ్మాయి తెచ్చే సర్వపిండి రొట్టె కోసం రోజూ ఆమె డెస్కు దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

"ఇది మాత్రం ఉమ్మడి రాష్ట్రంలో ఉండాలమ్మా" అనేవాడు తింటూ.

"గందుకే అన్నా, మీరు పోనియ్యరు మమ్మల్ని" అనేది ఆమె.

ఆమె ఒక బ్లాగు నడిపేది. పేరు 'ఇయ్యాల తొవ్వ', అంటే ఇవాళ్టి దారి. ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏది మూశారు, బస్సులు డిపో దాటాయా, లింగంపల్లి నుంచి లోకల్ రైలు కదిలిందా అన్నవి తప్ప అందులో ఇంకేమీ ఉండేది కాదు. తెల్లవారగానే మొదలుపెట్టేది. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఆటో నడిపే మేనమామ, కంపెనీల క్యాబ్ డ్రైవర్లు, మియాపూర్‌లో పాలప్యాకెట్లు వేసే ఒకావిడ, బాచుపల్లి కాలేజీ బస్సుల డ్రైవర్లు ఆమెకు ఫోన్ చేసేవాళ్లు. సొంత కళ్లతో చూసినవాళ్లు ఇద్దరుంటే తప్ప ఏదీ రాసేది కాదు. అది మా ఆఫీసు పద్ధతే. ఒకరు చేసిన పరీక్షను రెండోవారు చూడనిదే పని పూర్తయినట్టు కాదు. ఇద్దరు దొరక్కపోతే ఆ రోడ్డు పేరు రాసి, ఎదురుగా 'తెలియదు' అని పెట్టేది. టీవీ ఛానెళ్లన్నీ అన్నీ తెలిసినట్టు అరుస్తున్న కాలంలో, పొద్దున్నే ఒక తెలుగు పేజీ మీద ఆ మాట చూస్తే నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

నల్లగండ్లవాళ్లూ, కూకట్‌పల్లిలో ఉండే కోస్తావాళ్లూ, మా ప్రగతి నగర్ రాయలసీమవాళ్లూ ఆ పేజీ చూసే చెప్పులు వేసుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఇరువైపులవాళ్లూ కలిసి నమ్మిన మాట ఇంకొకటి నాకు గుర్తులేదు.

బంద్‌ల వల్ల పని ఆలస్యమవుతోందని మా కస్టమర్ ఒకరు సగం పని వేరే ఊరికి మార్చుకున్నారు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లను ఇక రావద్దన్నారు. ఆమె గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేసింది. బెంగళూరులో ఒక కంపెనీ ఉద్యోగమిస్తానంది, నెలాఖరులోగా జవాబు చెప్పమంది.

కంపెనీ ఎదురుగా చాయ్ దుకాణం దగ్గర కలిశాం. ఇక లోపలికి రావడానికి ఆమెకు వీల్లేదు.

"పోవాలని లేదు సార్" అంది. "పొద్దుగాల లేస్తె పది మంది ఫోన్ జేస్తరు, తొవ్వ ఎట్లుంది బిడ్డా అని. ఇన్నేండ్లు సాఫ్ట్‌వేర్ల చేసిన, ఒక్కడన్న నన్ను గట్లడిగిండా? బంద్‌లు అయిపోయినంక గూడ రోజూ తొవ్వల సంగతి రాస్త. ట్రాఫిక్ యాడికి పోతది? దాని మీదనే బతకాలె. అయితదా కాదా చెప్పున్రి."

"అవుతుందమ్మా, ఎందుకవదూ" అన్నాడు భీమవరం ఆయన. బ్లాగుల మీద సంపాదన గురించి ఆయన ఇంటర్నెట్‌లో చాలా చదివి ఉన్నాడు. "యాడ్స్ పెట్టాలి. చదివేవాళ్లు ఉన్నారు కదండీ మనకి. ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే ప్రశ్న."

అందరికీ తెలిసిన పెద్ద నెట్‌వర్క్‌కి ముందే దరఖాస్తు పెట్టి చూశాం. వాళ్లు తీసుకునే భాషల జాబితాలో తెలుగు లేదని జవాబొచ్చింది. కోట్లమంది మాట్లాడే భాష వాళ్ల లెక్కలో భాష కాదు. దాని మీద ఒక ఘాటైన వ్యాసం రాశాను. దానివల్ల జాబితా మారలేదు.

మిగిలినవి రెండు. ఒకటి అమీర్‌పేటలోని చిన్న ఏజెన్సీ. హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు తెస్తారు. ముందుగా చూపిస్తారు, వద్దన్నది తీసేస్తారు. నెలకింత అని ఇస్తారు, అది తక్కువే. రెండోది విదేశీ నెట్‌వర్క్. ఏ భాషైనా సరే. పేజీని ఎంతమంది చూస్తే అంత డబ్బు. ప్రకటనలను మనుషులు ఎంచరు, యంత్రం ఎంచి పెడుతుంది. జమ అయిన మొత్తం ఒక కనీస స్థాయి దాటితేనే చేతికొస్తుంది. మధ్యలో మానేస్తే అప్పటిదాకా జమ అయింది పోతుంది.

"ఏజెన్సీ ఆయన మావాడేనండి, పాలకొల్లు. మంచోడు" అన్నాడు భీమవరం ఆయన.

"మీవాడంటేనే పరేషాన్ అన్నా. రేపు మా బస్తీల, గిది ఆంధ్రోళ్ల పైసల మీద నడుస్తుందంటరు."

"పోనీ మీవాళ్లెవరన్నా ఉంటే చెప్పు, వాళ్లదే పెడదాం."

"అప్పుడు మీ కూకట్‌పల్లోళ్లు ఊకుంటరా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను అప్పటికే ఒక పట్టిక తయారుచేసుకుని వెళ్లాను. నమ్మకానికి ఇన్ని మార్కులు, చెల్లింపుకి ఇన్ని, నిష్పాక్షికతకి అన్నిటికంటే ఎక్కువ. ఆ పట్టికలో విదేశీ నెట్‌వర్క్ గెలిచింది.

"మనిషికి ఊరుంటుంది, కులముంటుంది, బావమరిది ఉంటాడు" అన్నాను. "యంత్రానికి ఇవేవీ లేవు. ఈ ప్రకటన ఎవరు ఎంచారని రేపెవరైనా నిలదీస్తే, ఎవరూ కాదని నిజంగా చెప్పొచ్చు. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరి తరఫూ కానిది అదొక్కటే."

ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "సర్వర్‌కు గుమ్మడికాయ కట్టినోళ్లను తిడితిరి. ఇప్పుడు మీరే మిషన్‌కు మొక్కబడితిరి ఏంది సార్?"

"మొక్కడం వేరు, లెక్క వేయడం వేరు."

"అవునమ్మా, గురువుగారిది పట్టిక. కొబ్బరికాయ కొట్టలేదు చూడు" అన్నాడు భీమవరం ఆయన.

నవ్వుకున్నాం. ఆమె కూడా ఒప్పుకుంది. ఆ రోజుల్లో ఎవరి వాడూ కానివాడు ఒకడు దొరకడమే గొప్ప అనిపించేది మా అందరికీ. పొద్దున లేచింది మొదలు యాసను బట్టి, ఇంటిపేరును బట్టి, డబ్బా తెరిస్తే కూరలో పులుపును బట్టి మనిషిని ఇటో అటో నెట్టేసే రోజులవి. అలా నెట్టడానికి వీల్లేనిది కనపడగానే దాన్ని న్యాయమూర్తి అనుకున్నాం.

ఒక చిక్కు మిగిలింది. యంత్రానికి తెలుగు రాదు. పేజీలో ఏముందో తెలియకపోతే దేనికి తగిన ప్రకటన పెడుతుంది? సాఫ్ట్‌వేర్ మనుషులం కదా, ఉపాయం మాకు వెంటనే తట్టింది. పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో కొన్ని ఇంగ్లిష్ మాటలు రాశాం. చదివేవాళ్లకు కనపడవు, యంత్రానికి కనపడతాయి. తలా కొన్ని మాటలిచ్చాం. హైదరాబాద్, ఆంధ్ర, తెలంగాణ, బంద్, రోడ్డు, ఇల్లు, ప్రయాణం, క్షేమం. పెట్టాక పేజీని ముగ్గురం తిప్పితిప్పి చూశాం. ఏ తేడా కనపడలేదు. తేడా కనపడకపోవడమే మా పరీక్ష.

మొదట్లో అంతా వినోదంగా ఉండేది. నాకు ప్రతి పొద్దునా నవరత్నాల ఉంగరం కనపడేది. జాతకం మార్చేస్తానని హామీ ఇచ్చేది. బాబాలనూ జాతకాలనూ తిడుతూ నేను చదివే పేజీలన్నీ చూసి, యంత్రం నన్ను వాటి భక్తుణ్ణి అనుకున్నట్టుంది. భీమవరం ఆయన ఆఫీసంతా చెప్పి నవ్వించాడు. తనకు మాత్రం పొట్ట తగ్గించే పొడి కనపడుతోందని చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నాడు. బంద్ రోజుల్లో చూసేవాళ్లు పెరిగి జమ మొత్తం పైకి ఎక్కేది. నెలాఖరు దగ్గరపడేసరికి కనీస స్థాయికి కొద్ది దూరంలో ఉంది. ఇంకొక్క పెద్ద బంద్ చాలు.

ఆ లెక్క మేం పైకి అనలేదు. కానీ పేపర్లో బంద్ పిలుపు చూస్తే ముగ్గురి మనసుల్లోనూ అది కదిలేదని నాకు తెలుసు. గొడవ లేని తొవ్వ చెప్పడానికి పుట్టిన పేజీ, గొడవ ఉన్న రోజునే ఎక్కువ సంపాదిస్తోంది. తర్కం నేర్చుకున్నవాడు ఇక్కడే ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు.

ఆ పెద్ద బంద్ రానే వచ్చింది. ఊరంతా ర్యాలీలని పిలుపిచ్చారు. నేను ఇంటి నుంచే పని పెట్టుకున్నాను. పొద్దున్నే మా పక్కనే ఉన్న నిజాంపేట రోడ్డులో ఇళ్ల మీద రాళ్లు వేస్తున్నారని ఒక పుకారు లేచింది. ఆమె ఇద్దరిని కనుక్కుని, 'నిజాంపేట రోడ్డు: రాళ్లు వేయడం అబద్ధం. రోడ్డు ఖాళీగా, ప్రశాంతంగా ఉంది' అని రాసింది. చదివి, టీ తాగి, కిందికి దిగాను.

పార్కింగ్‌లో మా కింది ఫ్లాటాయన కారులోకి సంచులు ఎక్కిస్తున్నాడు. ప్రొద్దుటూరు మనిషి, మోటార్ విడిభాగాల వ్యాపారం. వెనక సీట్లో ఆయన తల్లి, భార్య, భార్య ఒడిలో పసిబిడ్డ.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ? ఇవాళ బంద్ కదా" అన్నాను.

"పోతాండాం సార్. ముందు బెజవాడ జేరి, ఆడ్నించి జూసుకుంటాం. ఇల్లు అమ్మేదీ ఉంచేదీ తర్వాత సంగతి."

"ఎందుకు? ఇక్కడేం జరగలేదే. బ్లాగు చూళ్లేదా?"

ఆయన సంచి కింద పెట్టి నా వైపు తిరిగాడు. "జూసినాకనే గదా సార్ పోతాండేది. భయంగా ఉంటే ఇల్లు అమ్ముకొని పొమ్మని మీ బ్లాగులోనే రాసినారు గదా."

నేను నమ్మలేదు. పైకి తీసుకెళ్లి కంప్యూటర్ తెరిచి చూపించమన్నాను. తెరిచాడు. పేజీ పైన ఏదో రీఛార్జ్ ప్రకటన ఉంది. ఆయన ముఖం మారింది. భార్యను పిలిచాడు. "నా కండ్లతో జూసినా అన్నా" అందావిడ గుమ్మంలో నుంచే. "పెద్ద అక్షరాలు. పక్కన ఇంటి బొమ్మ గూడా ఉండాది."

నా ఫ్లాట్‌కి పరిగెత్తి నా ల్యాప్‌టాప్ చూశాను. నవరత్నాల ఉంగరం. దాన్నే తెచ్చి చూపించాను.

"అంటే మేము అబద్ధం జెప్తాండామా సార్?" అన్నాడాయన నెమ్మదిగా.

ఈలోగా ఎవరో బంధువు ఆయనకు మెయిల్లో పంపిన ఫొటో దొరికింది. పేజీని తెరమీద ఉన్నదున్నట్టు తీసిన బొమ్మ. పైన 'ఇయ్యాల తొవ్వ' అన్న పేరు. దాని కింద వార్త శీర్షికలా తెలుగులో: హైదరాబాద్‌లో భయంగా ఉందా? ఇల్లు అమ్ముకోండి. కోస్తాలో క్షేమంగా స్థలం కొనండి. కింద ఆమె రాసిన వాక్యం ఉండాల్సిన చోట బొమ్మ తెగిపోయింది.

మేం యంత్రానికి ఇచ్చిన మాటలు ఒక్కొక్కటే నాకు అందులో కనపడ్డాయి. ఇల్లు. క్షేమం. ఆంధ్ర. హైదరాబాద్. ఎవరో స్థలాల వ్యాపారి తెలుగులో ప్రకటన రాసిచ్చి, ఆ మాటలకు డబ్బు కట్టి ఉంటాడు. యంత్రం జత కలిపింది.

"ఇది ప్రకటన. ఆ అమ్మాయి రాసింది కాదు" అన్నాను.

"ఆ పేజీలో అబద్ధం ఉండదని మీరే గదా సార్ జెప్పింది. మన ఫ్లాట్ల అసోసియేషన్ మీటింగులో లేసి నిలబడి మరీ చెప్తిరి. అందుకే నమ్మినాం" అన్నాడు. ఆయన కిందికి దిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడి, "జర సోంచాయించున్రి సార్, తొవ్వల ఏముందో ఏమో" అని ఆలోచించుకోమన్నాడు. కారు వెళ్లిపోయింది.

ఆమెకు ఫోన్ చేశాను, భీమవరం ఆయన్ని కూడా అదే లైనులోకి తెచ్చాను. జరిగింది చెప్పాను. ఆమె పేజీ తెరిచింది.

"నాకు పట్టుచీరలు కనవడుతున్నయ్ సార్."

"నాకు ఆ పొడేనండి" అన్నాడు ఆయన.

ఒకే పేజీ, నలుగురు మనుషులు, నాలుగు రకాలు. మా పద్ధతి మొత్తం ఇద్దరు మనుషులు ఒకే వస్తువును చూడగలరన్న నమ్మకం మీద నిలబడింది. ఆ పేజీ పైభాగం ఏ ఇద్దరికీ ఒకటి కాదు. చూసినవాడు చూశానంటాడు, చూడనివాడు లేదంటాడు, ఇద్దరూ నిజమే చెబుతారు. దాన్ని తనిఖీ చేసే దారి నాకు తోచలేదు.

"తీసేద్దామా?" అన్నాను.

"సాయంత్రం దాకా ఆగమ్మా" అన్నాడు భీమవరం ఆయన. గొంతులో చనువు తప్ప దురాశ లేదు. "ఇవాళ చూసేవాళ్లు వరదలా వస్తున్నారు. సాయంత్రానికి కనీస మొత్తం దాటేస్తావ్. ఇప్పుడు తీస్తే జమ అయిందంతా పోద్ది. నీ బెంగళూరు సంగతి ఆలోచించుకో."

ఆమె వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడింది.

"మీరేమంటరు సార్?"

నేను రెండు వైపులా చెప్పడం మొదలుపెట్టాను. ఆ ప్రకటన మళ్లీ వస్తుందని ఖాయంగా చెప్పలేం, రాదనీ చెప్పలేం, ఒకరిద్దరికి కనపడినంత మాత్రాన ఎందరికి కనపడిందో తెలియదు...

"తర్కం అడుగుతలేను సార్" అంది మధ్యలోనే. "కారుల పోయినోళ్లు యాడున్నరో గది చెప్పున్రి."

"తెలియదు."

"పసిపిల్ల గూడ ఉన్నదంటిరి."

"ఉంది."

"మరి ఇగ నేనేం రాయాలె? తొవ్వ మీదున్నోళ్లను సాయంత్రం దాంక ఆగున్రి, నా పైసలు రావాలె అని రాద్దునా?"

కీబోర్డు చప్పుడు వినపడింది. పేజీని మళ్లీ తెరిస్తే పైన తెల్లగా ఉంది. కాసేపటికి అక్కడ కొత్త వాక్యం వచ్చింది, ఆమె ఎప్పుడూ రాసే పద్ధతిలోనే: 'పొద్దున ఈ పేజీ మీద ప్రకటనలు కనపడ్డయి. ఇల్లు అమ్ముకోమన్న ప్రకటన మేము రాసింది కాదు. అది ఎవరెవరికి కనపడ్డదో తెలియదు. అన్నీ తీసేసినం. ఎవరూ ఇల్లు విడిచి పోవలసిన పని లేదు.'

"ఇగ బెంగళూరే అన్నా" అంది.

కింది ఫ్లాటాయన కారు పొద్దుగూకక ముందే తిరిగొచ్చింది. ఊరి అవతల హైవే మీద వంటా వార్పు జరుగుతోందట. కారు ఆపి, ఎక్కడికని అడిగి, సంగతి విని, దింపి నీడలో కూర్చోబెట్టారట. ఒక పెద్దావిడ బిడ్డను తీసుకుని ఆడించిందట. అన్నం పెట్టి, ముందు తొవ్వ లేదు, ఇంటికి పోండని వెనక్కి తిప్పి పంపారట.

"ఎవురు మీరు అని అడిగినారు సార్. ప్రొద్దుటూరని జెప్పినా. అయితే కారం జాలదేమో అని పచ్చిమిరపకాయ యేసినారు" అన్నాడు. సంచులు దింపుతూ నవ్వాడు గాని, భార్య నవ్వలేదు. ఆవిడ నా వైపు చాలా రోజులు సరిగా చూడలేదు.

ఆ ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది. ఉద్యమం పేరు చెప్పి మమ్మల్ని తరిమేస్తోందని ఒకవైపువాళ్లు, ఆంధ్రా రియల్ ఎస్టేట్‌వాళ్లకు అమ్ముడుపోయిందని ఇంకోవైపువాళ్లు ఆమెను తిట్టారు. ఆమె ప్రతి తిట్టుకీ జవాబు రాసింది. అమీర్‌పేట ఏజెన్సీ ఆయన్ని భీమవరం ఆయన మళ్లీ అడిగాడు. గొడవల పేజీ తనకొద్దని ఆయన తప్పుకున్నాడు. విదేశీ నెట్‌వర్క్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. జమ అయిన మొత్తం రద్దయిందని మొదటి పేరాలో ఉంది. రెండో పేరాలో అభినందన. ఆ బంద్ రోజు మీ పేజీని మునుపెన్నడూ లేనంతమంది చూశారు, అలాంటి విషయాలు తరచుగా రాస్తే మీ ఆదాయం పెరుగుతుంది అని. దాన్ని ఏ మనిషీ రాయలేదు. అందుకే దాని మీద కోపగించుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

నేను యంత్రానికి ప్రాంతం లేదన్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. నా పొరపాటు దాని తర్వాతి మెట్టులో ఉంది. పక్షం లేకపోవడాన్ని బాధ్యత అనుకున్నాను. పక్షం ఉన్న మనిషి అబద్ధమాడితే కాలరు పట్టుకోవచ్చు, ఊరు పేరెత్తి తిట్టొచ్చు, సిగ్గుపడేలా చేయొచ్చు. ఎవరికీ చెందనిది ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క మాట చెప్పి పోతుంది. మూఢనమ్మకం అంటే గుమ్మడికాయే అనుకుని జీవితమంతా దాని మీద పోరాడినవాణ్ణి. అది పట్టిక రూపంలో నా సంచిలోనే ఉంటుందని ఊహించలేదు.

బెంగళూరు వెళ్లే ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. భీమవరం ఆయన్నీ రమ్మంది. బ్లాగు తాళం, అంటే పాస్‌వర్డ్, నా చేతికిచ్చింది.

"మీరే రాయాలె సార్."

"నేనా? నేను రాస్తే మీవాళ్లు నమ్ముతారా?"

"నమ్మరు" అంది. "గందుకే మిమ్మల్ని రాయమంటున్న. మీరు ఆంధ్రోళ్లని పైన పెద్దగ రాయున్రి. ఒక్క అబద్ధం రాస్తె చాలు, మావోళ్లు పట్టుకుంటరు. పట్టుకునేటోళ్లు ఉన్నంతసేపు ఫికర్ లేదు."

"నాది సీమ" అన్నాను, ఖచ్చితత్వం కోసం.

"మాకు అన్ని ఒకటే సార్" అని లేచింది. సర్వపిండి డబ్బా భీమవరం ఆయన చేతిలో పెట్టింది. ఆయన తెరవలేదు, రెండు చేతులతో పట్టుకుని గేటుదాకా వెళ్లాడు.

పేజీ పైన రాశాను: దీన్ని ఇప్పుడు రాస్తున్నది రాయలసీమ మనిషి. సగం మంది వచ్చి వెక్కిరించి వెళ్లారు. ఆమె మేనమామ మొదటి రెండుసార్లు నా ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "మా మేనకోడలు చెప్పింది, గందుకే చెప్తున్న, గలత్ రాయకు" అన్నాడు. అలా కొన్ని వారాలు గడిచాయి.

ఒక బంద్ పొద్దున, హఫీజ్‌పేట రోడ్డు మూసి ఉందని రాశాను. ఇద్దరు చూసి చెప్పిందే. కాసేపటికి కింద ఎవరో రాశారు: "ఓ సీమ సారూ, నిద్రవోతున్నవా? హఫీజ్‌పేట కాడ తొవ్వ ఎప్పుడో ఇడ్సిన్రు. నేను గీడనే నిలవడ్డ. జల్ది మార్చు, జనం సుట్టు తిరిగి పోతున్నరు."

ఇంకొకరిని కనుక్కున్నాను. నిజమే. మార్చాను, తిట్టును మాత్రం తీయలేదు. అది రాసినవాడెవరో నాకు తెలియదు, ఎటువైపో వేరే చెప్పనక్కర్లేదు. కానీ వాడు నేను చూస్తున్న పేజీనే చూస్తున్నాడు.